ఎఫ్ఏలో 18 మార్కులు, కానీ 1.5 కన్నా 1.15 పెద్దదట. ఎక్కడ తప్పాను?

ఎనిమిదో తరగతి లెక్కలు:

ఈ టీచర్ల ఫోరంలో మారుపేర్లతో రాసే అందరికీ నమస్తే. నేను 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ గణితంగా వచ్చాను. దేవరకొండ నుంచి బాగా లోపలికి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. అంతకుముందు ఆరేళ్లు నల్లగొండలో ప్రైవేటు బడిలో పదో తరగతికి చెప్పాను కాబట్టి బోర్డు ముందు నిలబడటం నాకు కొత్త కాదు. కొత్తగా తెలిసొచ్చింది వేరే. అది చెప్పి సలహా అడుగుదామని రాస్తున్నా. కొంచెం పొడుగైతే ఏమీ అనుకోకండి.

మొన్న గురువారం ఫిజికల్ సైన్స్ మేడం సెలవు పెట్టారు. ఎనిమిదో తరగతి గోల చేస్తుంటే నేను పోయి కూర్చున్నా. పాఠం మొదలుపెట్టలేదు, ఊరికే మాట్లాడుతుంటే ముచ్చట నీళ్ల మీదికి పోయింది. మా వైపు నీళ్ల ముచ్చట అంటే ఫ్లోరైడ్ ముచ్చటే. మర్రిగూడ, నాంపల్లి మండలాల దిక్కు చుట్టాలున్న పిల్లలు చాలామంది ఉన్నారు. కాళ్లు వంకరపోయిన తాతలను, పళ్లు గారపట్టిన మేనత్తలను ఇంట్లోనే చూసినవాళ్లు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని బోర్డు మీద రాశా. "ఒక బోరు నీళ్లు పరీక్ష చేస్తే 1.15 వచ్చిందనుకోండి. దాటిందా, దాటలేదా?" అని అడిగా.

"దాటింది సార్!" అన్నారు. ఒకరిద్దరు కాదు.

"ఎట్లా దాటిందిరా?"

"ఐదు కన్నా పదిహేను ఎక్కువ గద సార్."

చేతులెత్తమన్నా. ఆ రోజు వచ్చిన 46 మందిలో 31 చేతులు లేచాయి. వాటిలో కొన్ని పక్కవాడిని చూసి లేచినవి అనుకున్నా సరే, నాకు చెమట పట్టింది. ఎందుకంటే దశాంశాలు వీళ్లకు ఆరో తరగతిలోనే అయిపోయాయి. నేను అదే తరగతికి వర్గమూలాలు చెబుతున్నా.

స్టాఫ్ రూముకు వచ్చి ఎఫ్ఏ-2 రిజిస్టర్ తెరిచా. ఎఫ్ఏ అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, 20 మార్కులకు బడిలో మేమే వేసేది. నా చేతిరాతే. ఆ 31 మందిలో సగం మందికి పైగా 20కి 17, 18, 19. ఎట్లా వేశానో నాకు గుర్తుంది. ప్రాజెక్టు పని ఐదు మార్కులు: ఒకరు గైడులో చూసి రాస్తే మిగతావాళ్లు వాళ్లది చూసి రాశారు, చార్టుకు రంగులు బాగా వేసినందుకు ఐదు. రాత అంశాలు ఐదు: నేను బోర్డు మీద చేసిన లెక్కలే నోట్సులో ఉన్నాయి, తప్పెట్లా వస్తుంది? భాగస్వామ్యం ఐదు: అల్లరి చేయని ప్రతివాడికీ ఐదు. మిగిలింది లఘు పరీక్ష. దాంట్లో వచ్చే లెక్కలు ముందురోజే "ఇవి ముఖ్యం" అని గీత గీయించాను. నన్ను ఇట్లా చేయమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు.

మర్నాడు నా పీరియడ్‌లో వర్గమూలాలు పక్కన పెట్టి దశాంశాలు చెప్పా. 1.5 చివర సున్నా పెడితే 1.50, ఇప్పుడు 50 పెద్దదా 15 పెద్దదా అన్నా. "ఆఁ" అన్నారు అందరూ. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంకోటి అడిగా: 0.3, 0.45, ఏది పెద్దది? చాలామంది 0.45 అన్నారు. కానీ ఎనిమిది తొమ్మిది మంది 0.3 అన్నారు. వాళ్లలో ఒక పాప క్లాసులో చురుకైనదే. ఎందుకమ్మా అంటే, "ఇప్పుడే మీరు చెప్పారు గద సార్, అంకెలు తక్కువుంటేనే పెద్దదని" అంది. నేను ఆ మాట అననే లేదు! కానీ ఆ పాప దగ్గరికి చేరింది అదే.

నా ప్రశ్నలు ఇవి. 46 మందిలో ఎవరి తలలో ఏముందో 45 నిమిషాల పీరియడ్‌లో మీరెట్లా కనుక్కుంటారు? రెండేళ్ల బీఎడ్‌లో లెసన్ ప్లాన్ల రికార్డులు రాసి రాసి వేలు కాయ కాచింది. పిల్లలు దశాంశాల్లో ఇట్లాంటి తప్పు ఎందుకు చేస్తారో ఒక్క పేజీ కూడా చదివిన గుర్తు లేదు. అది నేర్పే ట్రైనింగ్ ఎక్కడైనా ఉందా? ఇంకోటి, వెనక్కి పోతే సిలబస్ టెన్షన్. ఇప్పుడు పత్తి ఏరే రోజులు, రోజుకు పది పదిహేను మంది రారు. వాళ్ల సంగతేంటి?

---

పాత రిజిస్టర్:

సార్, కొత్తగా వచ్చారు కాబట్టి బాధపడుతున్నారు. నాలుగేళ్లు పోనివ్వండి.

రికార్డు మాత్రం పక్కాగా పెట్టుకోండి. 22 ఏళ్ల సర్వీసులో "ఎఫ్ఏ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించారా" అని అడిగినవాళ్లు లెక్కలేనంత మంది. "ఈ పిల్లవాడికి ఏం అర్థం కాలేదు" అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. పదో తరగతికి 80 మార్కుల రాత పరీక్ష, 20 మార్కులు మన చేతిలో. ఆ 20లో కోత పెడితే తల్లిదండ్రుల కన్నా ముందు మన హెడ్మాస్టరే అడుగుతారు. పక్క బడివాళ్లు అందరికీ 20కి 20 వేస్తుంటే మీరొక్కరు నిజాయితీగా 11 వేస్తే నష్టపోయేది మీ పిల్లలే. ఇది కూడా ఆలోచించండి.

---

కోయిల్‌సాగర్ నీళ్లు:

పాత రిజిస్టర్ అన్నగారు చెప్పింది అబద్ధమైతే బాగుండేది.

నేను దేవరకద్ర వైపు ఫిజికల్ సైన్స్ చెబుతాను, పద్నాలుగేళ్లయింది. మొదటి ఐదారేళ్లు మీలాగే రిజిస్టర్ చూసి దిగులు పడ్డాను. తర్వాత ఒక పని చేశా. ఆ రిజిస్టర్‌ను దాని మానాన వదిలేసి, నా కోసం వేరే ఒక నలభై పేజీల నోట్‌బుక్ పెట్టుకున్నా. దాంట్లో మార్కులుండవు. ఎవరికీ చూపించను. అందులో ఉండేదల్లా ఏ పిల్లకు ఏ అపోహ ఉందనేది.

మీ మొదటి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు చీటీలు. పాత నోట్సుల్లో మిగిలిన తెల్ల కాగితాలను నాలుగు ముక్కలు చేసి బీరువాలో పెట్టుకుంటా. పీరియడ్ అయిపోవడానికి ఐదు నిమిషాల ముందు ఒక్క ప్రశ్న, మహా అయితే రెండు. జవాబు, దాని కింద "ఎందుకంటే" అని ఒక వాక్యం. చేతులెత్తించడం మానేయండి సార్. చేతులెత్తితే మీకు తెలిసేది క్లాసులో ఇద్దరు ముగ్గురు లీడర్లు ఏమనుకుంటున్నారనేదే.

చీటీలు తీసుకున్నాక దిద్దొద్దు. కుప్పలు పెట్టండి. మా దగ్గర పల్లికాయ ఏరినట్టు: ఇది ఈ రకం, ఇది ఆ రకం. 46 చీటీలకు పది నిమిషాలు చాలు. టిక్కులు, ఇంటూలు పెడుతూ కూర్చుంటే గంట పడుతుంది, చివరికి మీకు తెలిసేది ఎంతమంది తప్పు రాశారనేదే. కుప్పలు పెడితే ఎన్ని రకాల తప్పులున్నాయో తెలుస్తుంది. రేపు పొద్దున ఏం చేయాలో చెప్పేది అదే.

ఇప్పుడు మీ ప్రశ్న సంగతి. మీరు 0.3, 0.45 అడిగి చాలామంది సరిగ్గా చెప్పారని సంతోషపడ్డారు. కానీ "45 పెద్దది, 3 చిన్నది" అనుకునే పిల్ల కూడా అక్కడ సరైన జవాబే చెబుతుంది! ఆ పిల్ల ఏమీ మారలేదు, మీ ప్రశ్నే ఆ పిల్లను వదిలేసింది. అట్లాగే 1.5, 1.15 అడిగితే "అంకెలు తక్కువుంటే పెద్దది" అనుకునే పాప సరిగ్గా చెబుతుంది. కాబట్టి రెండు జతలూ ఒకే చీటీలో అడగండి. మొదటిది తప్పు, రెండోది ఒప్పు అయితే ఒక కుప్ప. మొదటిది ఒప్పు, రెండోది తప్పు అయితే ఇంకో కుప్ప. వీళ్లిద్దరికీ ఒకే మందు పనిచేయదు. రెండూ ఒప్పయినవాళ్ల "ఎందుకంటే" మాత్రం తప్పక చదవండి, అక్కడ కూడా దొంగలుంటారు. రెండూ తప్పయినవాళ్లు తక్కువే ఉంటారు, వాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిందే.

సైన్సులో ఇది ఇంకా ఘోరం. ఒక సెల్లు, ఒక టార్చి బల్బు, ఒకే ఒక వైరు ముక్క. బల్బు వెలిగించేలా బొమ్మ గీయమంటే సగం మంది సెల్లు మీది బొడిపె నుంచి బల్బు అడుగుకు వైరు గీసి ఊరుకుంటారు. బోరు మోటారు నుంచి పైపులో నీళ్లు వచ్చినట్టు కరెంటు వస్తుందని వాళ్ల లెక్క. తిరిగి పోయే దారి అక్కర్లేదు. తిరిగి పోతుందని ఒప్పుకున్నవాళ్లు కూడా "బల్బు కొంత తినేస్తుంది మేడం, మిగిలింది పోతుంది" అంటారు. అప్పుడు ఒకే రకం బల్బులు రెండు వరసగా కలిపి, ఏది ఎక్కువ వెలుగుతుందో ముందు రాయమంటా. "మొదటిది" అని రాస్తారు. స్విచ్ వేస్తే రెండూ సమానంగా వెలుగుతాయి. అప్పుడు క్లాసులో వచ్చే నిశ్శబ్దం చూడాలి సార్.

ట్రైనింగ్ అడిగారు కదా. ఒకసారి ఐదు రోజుల ట్రైనింగుకు పోయా. ఎక్కడో, ఎప్పుడో వద్దులెండి. రిసోర్స్ పర్సన్ స్లైడ్లు చదువుతున్నారు, మేం వాట్సాప్ చూస్తున్నాం. టీ టైములో నా బ్యాగులోంచి ఆ సెల్లు, బల్బు, వైరు తీసి పక్కన కూర్చున్నవాళ్లకు ఇచ్చా. అందరూ సైన్స్ టీచర్లే. పదకొండు మందిమి ప్రయత్నిస్తే మొదటిసారికే వెలిగించినవాళ్లు నలుగురు. మిగతావాళ్లకు బల్బుకు రెండో కొన పక్కనున్న మెటల్ తొడుగే అని తట్టలేదు. అందరికీ ఓం నియమం వచ్చు. ఆ ఐదు రోజుల్లో మేం నేర్చుకున్నది ఆ పది నిమిషాల్లోనే, అదీ షెడ్యూల్లో లేదు.

---

ఎనిమిదో తరగతి లెక్కలు:

మేడం, మీ కుప్పల మాట చదివి నిద్ర పట్టలేదు. నేను సంతోషపడిన ప్రశ్నే పనికిరానిదని తెలియడం కొంచెం కష్టంగానే ఉంది. ఒక సందేహం: చీటీ మీద పేరు రాయించాలా? పేరు రాయమంటే పక్కవాడిది చూస్తారేమో.

---

కోయిల్‌సాగర్ నీళ్లు:

పేరు రాయించండి. మార్కు వేయరని వాళ్లు నమ్మడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఒక్కసారి ఎర్ర పెన్ను పట్టుకుని అంకె వేశారో, అయిపోయింది, మళ్లీ చూసి రాస్తారు.

---

తండా బడి:

నేను ఎస్జీటీని, అంటే ప్రైమరీ బడి టీచర్ని. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. పిల్లలందరూ ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్లే.

ముందు ఒక మాట. ఇక్కడ ఇంకా ఎవరూ అనలేదు కానీ హైస్కూల్ స్టాఫ్ రూముల్లో ఈ ముచ్చట వస్తే చివరికి "ప్రైమరీలో ఏం చెప్పారో" అంటారు. 2022 నుంచి ప్రైమరీ పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమంలో మేం ప్రతి పిల్ల ఎక్కడుందో చూసి చెబుతున్నాం. చెప్పగలిగినంత చెబుతున్నాం. కాబట్టి ఆ నెపం మా మీదికి తోయకండి.

ఇక సారుకు నాదొక ప్రశ్న. మీరు 1.15ని బోర్డు మీద రాసి ఎట్లా చదివారు? "ఒకటి పాయింట్ పదిహేను" అని చదివారు కదూ? నోటితో పదిహేను అని మీరే చెప్పి, పిల్లలు పదిహేను అనుకుంటే తప్పంటారు. "ఒకటి పాయింట్ ఒకటి ఐదు" అనండి. మా పిల్లలకు తెలుగు రెండో భాష. అందుకే నేను పలికే ప్రతి మాటా వాళ్లు పట్టుకుంటారు, పొరపాటుగా పలికినా పట్టుకుంటారు. ఈ సంగతి నాకు వాళ్లే నేర్పారు.

డబ్బులతో చెప్పేటప్పుడు కూడా చూసుకోండి. రూపాయి యాభై పైసలను 1.50 అని రాస్తాం. కాబట్టి 1.5 అని రాస్తే ఒక రూపాయి ఐదు పైసలని చదివే పిల్లలుంటారు. క్రికెట్ ఇంకా దారుణం. 4.5 ఓవర్ల తర్వాత ఒక్క బంతి వేస్తే 5 ఓవర్లు. అది దశాంశమే కాదు, కానీ మగపిల్లలు రోజూ చూసే చుక్క అదే.

చీటీలు బాగున్నాయి కానీ నాకు పలకలే ఇష్టం. "జవాబు రాయండి, బోర్లా పెట్టండి, ఒకటి రెండు మూడు, ఎత్తండి." అంతే, ఒక్క చూపులో అందరివీ కనబడతాయి. ఎనిమిదో తరగతివాళ్లు పలక పట్టుకోవడానికి సిగ్గుపడితే పరీక్ష అట్ట వెనక చాక్‌పీసుతో రాయించండి.

---

రిటైర్డ్ చాక్‌పీసు:

ఈ చర్చంతా చదివాక నేను కూడా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నేను ఉపాధ్యాయ విద్యలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. నిర్మాణాత్మక మూల్యాంకనం అంటే ఏమిటి, సంగ్రహణాత్మక మూల్యాంకనానికీ (అంతా అయ్యాక పెట్టే పరీక్షకీ) దానికీ తేడాలు రాయండి అని ఎన్నిసార్లు ప్రశ్నపత్రంలో ఇచ్చానో లెక్కలేదు. ఛాత్రోపాధ్యాయులు (టీచర్ ట్రైనింగులో ఉన్నవాళ్లు) పట్టిక గీసి ఐదు తేడాలు రాసేవాళ్లు, నేను ఐదు మార్కులు వేసేవాణ్ణి. అంటే ఆ సారు తన పిల్లలకు చేసిందే నేను ఆ సార్లకు చేశాను. ఒక్కరోజు కూడా ఒక పిల్లవాడి నోట్సు తెచ్చి వాళ్ల ముందు పెట్టి "వీడు ఏమనుకుని ఇట్లా రాశాడో చెప్పండి" అని అడగలేదు.

నిర్మాణాత్మకం, అంటే ఫార్మేటివ్, అనే మాటను 1967లో విద్యా పరిశోధకుడు మైకేల్ స్క్రివెన్ వాడింది పిల్లల పరీక్షల గురించి కాదు. ఒక పాఠ్యప్రణాళికను తయారుచేస్తూ ఉండగానే, ఇంకా మార్చుకునే వీలుండగానే పరిశీలించడం గురించి. తర్వాత ఇంకో విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ దాన్ని తరగతి గదిలోకి తెచ్చాడు. "ఇంకా మార్చుకునే వీలుండగానే" అన్నదే అందులో ప్రాణం. మన దగ్గరికి వచ్చేసరికి అది ఏడాదికి నాలుగుసార్లు రాసే అంకె అయింది. అంకె ఎక్కించాక మార్చుకోవడానికి ఏముంటుంది?

మేడం మార్కు వేయొద్దన్నారు. ఆమె అనుభవంతో చెప్పిన మాటకు పరిశోధన కూడా ఉంది. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ బడుల్లో పిల్లలను మూడు రకాలుగా విడదీసి చూసింది. కొందరికి మార్కు మాత్రమే, కొందరికి వాళ్ల పని మీద రాసిన ఒక మాట మాత్రమే, ఇంకొందరికి రెండూ. మాట మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవాళ్లు మార్కు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనబడగానే పక్కన రాసింది ఎవరూ చదవరన్నమాట. మనం చిన్నప్పుడు చదివామా?

ట్రైనింగ్ ఎక్కడ ఉందని అడిగారు. లెక్కలు రావడం వేరు, ఆ లెక్కలో పిల్లవాడు ఎక్కడ జారతాడో తెలియడం వేరని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లోనే చెప్పాడు. రెండోది టీచరుకు మాత్రమే ఉండాల్సిన జ్ఞానం, ఇంజనీరుకు అక్కర్లేదు. దాన్ని ఆచరించి చూపినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో సైన్స్ బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు మొదలుపెట్టాయి, తర్వాత ఏకలవ్య సంస్థ నడిపింది. అక్కడ ట్రైనింగ్ అంటే టీచర్లు పిల్లల్లాగా కూర్చుని ప్రతి ప్రయోగం చేతులతో చేయడం. తర్వాత నెలనెలా కలుసుకుని "నా క్లాసులో ఇది పనిచేయలేదు" అని చెప్పుకోవడం. పుస్తకం చూసి రాసే పరీక్ష కూడా పెట్టారు. 2002లో ప్రభుత్వం దాన్ని మూసేసింది, అది వేరే కథ. కానీ ఆ నెలనెలా కూర్చోవడం అనే పద్ధతికి మనకు ఇప్పటికే చోటుంది: చుట్టుపక్కల బడుల టీచర్లందరూ కలిసే కాంప్లెక్స్ మీటింగ్. అక్కడ సర్క్యులర్లు చదివాక అరగంట మిగులుతుంది. నలుగురు గణితం సార్లు తలా ఒక తప్పు జవాబు తీసుకుపోండి. పిల్లవాడి పేరు మూసేసి మధ్యలో పెట్టండి. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

---

ఎనిమిదో తరగతి లెక్కలు:

మూడు వారాలైంది. ఏం జరిగిందో చెప్పకపోతే తప్పవుతుంది.

ముందు తండా బడి సారుకు: అవును సార్, "ఒకటి పాయింట్ పదిహేను" అనే చదివాను. మీరు అడిగాక నన్ను నేనే విన్నట్టయింది. ఇప్పటికీ నోటికి అదే వస్తోంది, మధ్యలో ఆపుకుని దిద్దుకుంటున్నా. పిల్లలు నవ్వుతున్నారు. ఒకడైతే నేను నోరు జారగానే బల్ల మీద కొడుతున్నాడు.

రెండు జతల చీటీ పెట్టా. ఆ రోజు 38 మంది వచ్చారు. అంకెలు ఎక్కువుంటే పెద్దది అనేవాళ్లు 17. తక్కువుంటే పెద్దది అనేవాళ్లు 8. రెండూ ఒప్పు రాసినవాళ్లు 13, వాళ్లలో ఇద్దరి "ఎందుకంటే" దగ్గర "రాజు రాశాడు" అని నిజాయితీగా రాసి ఉంది. మేడం చెప్పిన దొంగలు వీళ్లే కాబోలు.

సున్నా పెట్టే చిట్కా మళ్లీ చెప్పలేదు. టైలర్ దగ్గర టేపు అడిగి తెచ్చి క్లాసు గోడకు నిలువుగా అతికించా. 1.5 మీటర్ల దగ్గర ఒక గీత, 1.15 దగ్గర ఒక గీత గీయమన్నా. గీసే ముందు ఏ గీత పైన వస్తుందో రాయమన్నా. 17 మందిలో చాలామంది 1.15 పైన వస్తుందనే రాశారు. టేపు మీద 1.15 అంటే 115 సెంటీమీటర్లని వాళ్లే లెక్కపెట్టి గీశారు. గీశాక మా అటెండర్ కూతురు, ఒకటో తరగతి పాప, ఆ గీత కింద నిలబడితే సరిగ్గా తలకు తాకింది. 1.5 గీత దగ్గర మా క్లాసులో పొడుగు పిల్ల నిలబడింది. ఇక నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. 0.3, 0.45కు ఇంకా తేలిక: 0.3 మీటరు అంటే వాళ్ల జామెట్రీ బాక్సు పక్కనుండే పొడుగు స్కేలే, 30 సెంటీమీటర్లు. దానికి ఇంకో చిన్న స్కేలు, 15 సెంటీమీటర్లది, కలిపితే 0.45. "అంకెలు తక్కువుంటే పెద్దది" అన్న పాప ఆ రెండు స్కేళ్లు పట్టుకుని చాలాసేపు చూసి "అయితే అంకెలు లెక్కపెట్టొద్దా సార్?" అంది. వద్దమ్మా అన్నా.

వారం తర్వాత వేరే అంకెలతో అదే చీటీ పెట్టా. ఇంకా తొమ్మిది మంది తప్పు కుప్పల్లోనే ఉన్నారు. వాళ్లలో ఐదుగురు టేపు రోజు బడికి రానివాళ్లే. ఈ రెండు పీరియడ్లకు వర్గమూలాలు వెనకబడ్డాయి, శనివారం ఎక్స్‌ట్రా క్లాసు పెట్టా.

పత్తి ఏరడానికి పోయినవాళ్లలో ఒకడు రెండు వారాల తర్వాత వచ్చాడు. వాడికీ చీటీ ఇచ్చా. 48.5, 48.35 ఏది పెద్దది అని ఆ రోజు ఊరికే మార్చి రాశా. వాడు తడుముకోకుండా 48.5 అన్నాడు. ఎట్లా తెలుసురా అంటే, "కాంటా మీద 48.50 అని వస్తది సార్, ఉత్త 48.5 అని రాదు" అన్నాడు. పత్తి తూచే ఆ ఎలక్ట్రానిక్ కాంటా పాయింట్ తర్వాత ఎప్పుడూ రెండంకెలు చూపిస్తుంది కదా, సున్నా అదే పెడుతుంది. నేను చిట్కా అని చెప్పి విఫలమైన సున్నా వీడి దగ్గర చిట్కా కాదు, కూలి డబ్బులు. "మరి ఆ చివరి సున్నా ఎందుకు పెడుతుంది?" అంటే "అర కిలో మీద ఇంకేం లేదని" అన్నాడు. వాడినే బోర్డు దగ్గర నిలబెట్టి చెప్పించా. నాకన్నా బాగా చెప్పాడు.

కాంప్లెక్స్ మీటింగులో ముగ్గురమే మిగిలాం, మిగతావాళ్లు బస్సుకు పోయారు. ఒక సారు తెచ్చిన తప్పు: 612ను 6తో భాగిస్తే 12. ఏడో తరగతి పిల్లవాడిది. అజాగ్రత్త అని ఒకరు, 1ని 6తో భాగించలేం కాబట్టి వదిలేశాడు, సున్నా పెట్టాలని తెలియదు అని నేను. మూడో ఆయన, వాడికి 612 అంటే ఆరు వందలని అసలు కనబడటం లేదు, కనబడితే ఆరుగురికి పంచితే తలా వందకు పైనే వస్తుందని తెలిసేది అన్నారు. అరగంట అనుకున్నది గంటన్నర పట్టింది, ఆఖరి బస్సు దాటిపోయింది, ఆ సారు బండి మీదే దేవరకొండ వచ్చా. ఆ పిల్లవాణ్ణి అడిగి చూద్దామని తీర్మానం. వచ్చే నెల ఆయన జవాబు తెస్తారు.

ఎఫ్ఏ-3 మార్కులు ఎక్కించాలి. పత్తి కాంటా పిల్లవాడు రెండు వారాలు బడికి రాలేదు. ప్రాజెక్టు ఇవ్వలేదు, నోట్సు ఖాళీ. భాగస్వామ్యం కింద ఎంత వేయాలి?

---

పాత రిజిస్టర్:

ఐదు వేయండి. ప్రాజెక్టు కింద ఆ కాంటా లెక్కే ఒక పేజీ రాయించి తీసుకోండి, దానికి ఐదు. అడిగేవాళ్లు ఎవరూ ఉండరని చెప్పాను కదా, ఇట్లాంటప్పుడు అదే మంచిది.

---

ఎనిమిదో తరగతి లెక్కలు:

సరే, అన్నగారూ. కోయిల్‌సాగర్ మేడం, ఇంకోటి. మా సైన్స్ మేడం మీ బల్బు ప్రయోగం చేద్దామంటున్నారు. దేవరకొండలో మూడు షాపులు తిరిగా, టార్చి బల్బు అంటే అందరూ ఎల్ఈడీలే ఇస్తున్నారు. మీకెక్కడ దొరుకుతున్నాయి?

---

కోయిల్‌సాగర్ నీళ్లు:

ఎల్ఈడీ తీసుకోకండి, ఒక్క సెల్లుకు వెలగదు, పైగా తిరగేసి పెడితే అసలే వెలగదు, పిల్లలు ఇంకో అపోహలో పడతారు. కరెంటు సామాన్ల షాపులో కాకుండా పాత సైకిల్ షాపుల్లో, రేడియో రిపేరు చేసేవాళ్ల దగ్గర అడగండి. సైకిల్ డైనమో బల్బు అంటగడతారు, అది 6 వోల్టులది, ఒక సెల్లుతో చేస్తే వెలిగిందో లేదో తెలియదు. పక్కన తొడుగు మీద 1.5 గానీ 2.5 గానీ రాసి ఉందో చూసి తెచ్చుకోండి. డజను తెచ్చుకోండి, నాలుగైదు ఎట్లాగూ పిల్లల చేతుల్లో పగులుతాయి.